మోత చేసే గిలక

అస్క్ నది ఒడ్డున మా కొట్టు.
తలుపు మీది గంట చెడిపోయి మూడేళ్ళు.
అందుకే ఎలినెడ్ లోపలికొచ్చిన సంగతి
తడికోటు వాసన తగిలేదాకా తెలీలేదు.

చంకలో కడ్డీ, తొమ్మిదడుగులది,
నాలుగు ముక్కలుగా విడదీసి
పాత దిండు గలీబులో చుట్టుకొచ్చింది.
"దీనికో రీలు కావాలి."
"ట్రౌట్‌కేగా?" అన్నాను.
"మరి తిమింగలానికా?"

ముప్పై ఏళ్ళు బడిపిల్లలకి వండిపెట్టిన మనిషి.
నాకూ వడ్డించింది.
బఠాణీలు వద్దని పళ్ళెం వెనక్కి లాక్కున్నా
గరిటెడు పడేవి.

ఆకుపచ్చ గుడ్డ పరిచి మూడు పెట్టాను.

మొదటిది నల్లగా, కొత్తగా.
లోపల బిళ్ళల బ్రేకు.
సముద్రం నుంచి ఎదురీది వచ్చే సాల్మన్‌నైనా ఆపుతుంది.
చప్పుడుండదు,
నూనె మీద నూనె జారినట్టు తిరుగుతుంది.

రెండోదానికి ఒళ్ళంతా చిల్లులు.
అరచేతిలో ఉందో లేదో చూసుకోవాలి.
ఒక్క తిప్పుకి జానెడు లైను మింగుతుంది.

మూడోది ఎవరో పోయాక
వాళ్ళ గరాజు ఖాళీ చేసినప్పుడు
పుట్టగొడుగుల బుట్టలో వచ్చింది.
అంచున రంగు పోయింది. లోపల ఒక పళ్ళచక్రం,
దాన్ని గీరే చిన్న నాలుక, స్ప్రింగు. అంతే.

అందరికీ చెప్పే మాటే చెప్పాను, నాకే నష్టమైనా:
ట్రౌట్ దగ్గర రీలుకి పెద్ద పని లేదండీ,
లైను చుట్టుకుని కూచునే డబ్బా అది.
చేపని అలిపించేది కడ్డీ వంపు, మీ వేళ్ళు.
డబ్బు పెడితే లైను మీద పెట్టండి.

వినలేదు.
ఒక్కోటీ కడ్డీకి బిగించి
బెండు పిడి ముందు వేలు పెట్టి తూచింది.
నల్లది వెనక్కి కూలబడింది.
మూడోది కాస్త ఒరిగింది.
చిల్లులది మాత్రం తాసుముల్లులా నిలబడింది.
అమ్ముడైందనుకుని రసీదు పుస్తకం తీశాను.

"ఇది మాట్లాడదా?" అంది, తిప్పి చూస్తూ.
పక్కనపెట్టి పాతదాన్ని తిప్పింది.
కొట్టులో కీచురాయి దూరినట్టయింది.
మళ్ళీ తిప్పింది. మళ్ళీ.

"నడిమధ్యన పోయాయి," అంది,
పాలు విరిగాయన్నంత మామూలుగా.
"ఏం పోయాయి?"
"కళ్ళు. నీ చెవులు రెండూ కనిపిస్తున్నాయి గెథిన్,
మధ్యలో ముఖం లేదు.
మునిమాపున నీళ్ళ మీద ఈగ ఎక్కడుందో తెలీదు.
లాక్కుపోయేటప్పుడైనా వినపడొద్దూ?"

మరలు విప్పాను.
ఎడమచేత్తో తిప్పుతానంది, నాలుకని అటు తిప్పి బిగించాలి.
రెండు నిమిషాల పనికి పది పట్టింది.
తర్వాత ఆవిడ చుట్టకండెలో పెన్సిలు దూర్చి పట్టుకుంటే
అడుగున యాభై గజాల దారం,
దాని మీద అయిదో నంబరు లైను చుట్టాను.
వద్దన్నా మోగుతూనే ఉంది.

రీలుకి నలభై అన్నాను. ముప్పై అంది.
ముప్పై అయిదన్నాను.
"బఠాణీలకి నేనేమైనా పుచ్చుకున్నానా?"
ముప్పై రాశాను.

అంతంత సన్నని ముడులు ఎవరు వేసిపెడతారో
ఆమె చెప్పలేదు, నేనడగలేదు.

జూన్‌లో మళ్ళీ వచ్చింది, ఫిర్యాదుతో.
"మరీ గోల చేస్తోంది.
అవతలి ఒడ్డున ఎమ్రిస్ ఉలిక్కిపడి లేస్తున్నాడు. తగ్గించు."
స్ప్రింగు రవ్వంత వంచి తిప్పాను. "ఇలాగా?"
తలొంచి విన్నది.
"వద్దు, ముందున్నట్టే ఉంచు."

"ఏమైనా పడ్డాయా?"
"ఒకటి. తెంపుకుపోయింది.
వంతెన దాకా పోయినంతసేపూ విన్నాను."

ఈకతో కట్టిన గోధుమరంగు ఈగలు రెండు కొంది.
చిల్లర బొటనవేలితో అంచులు తడిమి లెక్కపెట్టింది.
పది పెన్నీలు తక్కువిచ్చాను, పొరపాటున.
పట్టుకుంది.